జూలైలో ఆగుంబె, ఉడుపి తీరానికి వాలంటీర్ ట్రిప్: వెళ్లాలా వద్దా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. జూలైలో మీ విజయవాడ బీటెక్ బ్యాచ్ కర్ణాటకలోని ఆగుంబె వర్షారణ్యానికీ, అక్కణ్ణుంచి ఉడుపి తీరంలో తాబేళ్ల సంరక్షణకీ వాలంటీర్లుగా వెళ్తే కట్టిన డబ్బుకి తగ్గ పని ఉంటుందా అన్నది ఒకటి. పాములని అమ్మ టెన్షన్ పడుతోంది, ఏం చెప్పి ఒప్పించాలి అన్నది రెండోది. గుంటూరులో జువాలజీ చదివే రోజుల్లో మా బ్యాచ్ కూడా వానాకాలంలోనే ఆ దారిన వెళ్లింది. అడవికి తప్పకుండా వెళ్లు. తాబేళ్ల కోసమైతే అంత దూరం వద్దు, మన సూర్యలంక వెళ్లు.

ఎందుకో చెప్తాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన దేశపు తీరాల్లో గుడ్లు పెట్టేది ముఖ్యంగా చలికాలం నుంచి ఎండలు ముదిరేలోపు. జూలైలో పడమటి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మరపడవల వేట కూడా జూన్ 1 నుంచి జూలై 31 దాకా నిషేధం. ఆ నెలలో తాబేలు పిల్లల్ని మీ చేతులతో నీళ్లలోకి వదిలిస్తామని ఎవరైనా రాసిచ్చారంటే, ఆ పిల్లలు ఎక్కడివో గట్టిగా అడుగు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి షెడ్యూల్ 1 జంతువులు, అంటే చట్టం గట్టి రక్షణ ఇచ్చిన జాబితాలోవి. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్లు తీయడం నేరం. ఫోటో కోసం పిల్లల్ని చేతికిచ్చే చోట సంరక్షణ జరుగుతోందని నేను నమ్మను.

ఆగుంబె మాత్రం వానల్లోనే చూడాలి. మన గుంటూరులో ఏడాది మొత్తం పడే వాన సాధారణంగా వెయ్యి మిల్లీమీటర్ల లోపే. అక్కడ ఏడు వేలు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబర్ మధ్యనే. ఆ వానకే కప్పలన్నీ బయటికొస్తాయి. రాత్రి టార్చ్ పట్టుకుని కాలిబాట వెంట నడుస్తూ, ఏ కప్ప ఎక్కడ కూస్తోందో పుస్తకంలో రాసుకోవడం మాకు అప్పగించిన పనుల్లో ఒకటి. పొద్దున్నే వర్షమాపకం చూసి లెక్క రాయాలి, కూలిన కొమ్మలు తీసి బాట బాగుచేయాలి, కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా) ఫోటోలు వేరుచేసి కంప్యూటర్‌లో ఎక్కించాలి. వందల ఫోటోల్లో గాలికి ఊగిన ఆకులే ఎక్కువ. మధ్యలో ఎక్కడో ఒక సింగళీకమో, కణుజో కనిపిస్తే గదిలో అందరూ లేచి వచ్చి చూసేవాళ్లు. చెప్పుకోవడానికి గొప్పగా ఉండని ఈ పనులే అక్కడి వాళ్లకి నిజంగా కావాలి. ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో రాసిన లెక్కలుంటేనే అడవిలో ఏం మారుతోందో తెలుస్తుంది. కాబట్టి డబ్బు కట్టేముందు ఆర్గనైజర్‌ని ఒక్కటి అడుగు: మేం రాకముందు ఈ పని ఎవరు చేస్తున్నారు, మేం వెళ్లాక ఎవరు చేస్తారు? జవాబు సూటిగా వస్తే వెళ్లు. పనులు రాసిమ్మంటే వ్యూ పాయింట్లూ జలపాతాలే రాసిస్తే అది టూరే. టూర్ తప్పేం కాదు, కానీ వాలంటీర్ పేరు చెప్పి ఎక్కువ డబ్బు తీసుకోకూడదు.

ఇక పాములు. అవును, ఆగుంబె రాచనాగుల ఊరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టడానికి ఒక ముఖ్య కారణం అదే. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము అదొక్కటే. మనిషి అలికిడైతే తప్పుకుని పోతుంది, అది కరవడం చాలా అరుదు. మీరు జాగ్రత్తపడాల్సింది ఎండుటాకుల్లో కలిసిపోయే పింజర జాతి చిన్న పాములతో. మోకాళ్ల దాకా గమ్ బూట్లు, చేతిలో టార్చ్, చూడకుండా ఎక్కడా చెయ్యి పెట్టకపోవడం. ఈ మూడూ పాటిస్తామని అమ్మకి మాటివ్వు. అక్కణ్ణుంచి మణిపాల్ పెద్దాసుపత్రికి ఘాట్ దిగి వెళ్లాలి, 14 హెయిర్‌పిన్ మలుపులు. రాత్రిపూట కూడా మీ దగ్గర బండి సిద్ధంగా ఉంటుందా అని ఆర్గనైజర్‌ని అడిగి, ఆ జవాబు కూడా అమ్మకి చెప్పు. ధైర్యం చెప్పడం కన్నా ఏర్పాట్లు చెప్తే ఆవిడకి నిద్ర పడుతుంది.

జలగలు పడతాయి. మేజోళ్ల మీద జలగల సాక్స్ వేసుకో, పట్టినా భయపడకు, వాటితో రోగాలేమీ రావు. ఆగుంబె ఉన్న శివమొగ్గ జిల్లాలో అసలు జాగ్రత్తపడాల్సింది పిడుదులతో, అంటే ఒంటికి పట్టుకుని రక్తం తాగే చిన్న పురుగులతో. కోతి జ్వరం అంటారే, క్యాసనూర్ అడవి జబ్బు, 1957లో ఆ జిల్లాలోనే మొదట బయటపడింది, పిడుదు కాటుతో వస్తుంది. అది ఎక్కువగా డిసెంబర్ నుంచి మే దాకా వస్తుంది. అందుకే నీ ట్రిప్ వేసవికి మారిస్తే మాత్రం ఒప్పుకోకు.

ఉడుపి తీరాన జూలైలో చేయగలిగింది ఒడ్డు శుభ్రం చేయడమే. అలలు తెచ్చిపడేసే తెగిన వలలూ, థర్మాకోలూ ఏరడం మంచి పనే. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, ఎంత ఈత వచ్చినా సరే.

సూర్యలంక మనకి ఇంత దగ్గర. బాపట్ల దాకా రైలు ఉంది. జనవరి నుంచి రాత్రుళ్లు ఇసుకలో తాబేలు పాకిన జాడ వెతుక్కుంటూ నడిచేవాళ్లుంటారు. కుక్కలూ నక్కలూ తవ్వేలోపు గుడ్లు తీసి హేచరీలో, అంటే గుడ్లని కాపాడే కంచె వేసిన చోట, పూడ్చాలి. ఒక్కో గూడులో వంద పైనే ఉంటాయి. పొదగడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది, ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. పిల్లలు వెలుతురు ఉన్న వైపు పాకుతాయి కాబట్టి సెల్ లైటు వేయకూడదు. ట్రాలర్ల (పెద్ద మరపడవల) వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్లనీ చూస్తావు. వాటిని చూశాక మా బ్యాచ్‌లో సగం మంది మళ్లీ మళ్లీ వెళ్లారు. బాపట్ల అటవీ శాఖ ఆఫీసులో మీ కాలేజీ లెటర్‌తో డిసెంబర్‌లోనే అడగండి.

జీన్స్ తీసుకెళ్లకు, ఆగుంబెలో ఆరవు. త్వరగా ఆరే ప్యాంట్లు రెండు చాలు. గుంటూరు మీదుగా వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కణ్ణుంచి శివమొగ్గ రైలు, తర్వాత తీర్థహళ్లి మీదుగా ఆగుంబెకి బస్సు.