పరగడుపున నడిచొచ్చి అయోమయంగా ఉంటున్నారా? ముందు షుగర్ చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. పదహారేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకుంటారు. ఏడాదిగా పేర్లు మర్చిపోతున్నారు, చెప్పిందే మళ్లీ చెబుతున్నారు. వ్యాయామంతో మతిమరుపు తగ్గుతుందని విని రెండు నెలలుగా పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా గంటసేపు నడుస్తున్నారు. వచ్చాక ఒక్కోసారి చెమటలు పట్టి, కాసేపు అయోమయంగా ఉంటారు. మెడికల్ షాపులో ఇచ్చిన జ్ఞాపకశక్తి మాత్రలు కూడా వాడుతున్నారు. నడక ఇంకో అరగంట పెంచవచ్చా? మెదడుకు ఏ వ్యాయామం మంచిది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నడక పెంచే మాట తర్వాత. ముందు ఆ చెమటల సంగతి తేల్చాలి. గ్లిమెపిరైడ్ కడుపులో తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. దానికి తోడు గంట నడక. మీరు రాసిన దాన్ని బట్టి షుగర్ బాగా పడిపోతోందని నా అనుమానం. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

పరగడుపు నడక రేపటి నుంచే ఆపించండి. మాత్ర టిఫిన్‌తో వేసుకుని, ఓ గంటయ్యాక నడవమనండి. అప్పటికీ ఒంటరిగా పంపకండి, జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. చెమటలు పట్టగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ మామూలుగానే ఉండి చెమటలు పడుతుంటే అదే రోజు ఈసీజీ తీయించాలి. షుగర్ ఉన్నవారికి ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

రెండు నెలలుగా ఇలా జరుగుతుంటే డాక్టరుకు చూపించకుండా ఎందుకు ఆగారమ్మా? షుగర్ తీవ్రంగా పడిపోవడం మెదడుకు మంచిది కాదు. అలా పడిపోయిన పెద్దవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువగా కనిపించిందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ వయసులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మరీ 6కి దిగాలన్న పట్టుదల అక్కర్లేదు. చాలామందికి 7, 7.5 దగ్గరుంటే సరిపోతుంది, ఇతర జబ్బులుంటే 8 వరకూ ఒప్పుకుంటాం. డోసు తగ్గించాలా, మాత్ర మార్చాలా అన్నది మీ డాక్టరు చూసి చెప్పాలి. మీరే ఆపేయకండి.

ఇక ఆ జ్ఞాపకశక్తి మాత్రలు. ఏ పరీక్షా లేకుండా షాపులో చేతికిచ్చిన మందుతో అసలు కారణం మరుగున పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు, దానివల్లా మతిమరుపు వస్తుంది. థైరాయిడ్, డిప్రెషన్, వినికిడి తగ్గడం కూడా చూడాలి. నిద్రమాత్రలు, జలుబుకని సొంతంగా కొనే మాత్రలు కూడా పెద్దవారిని మబ్బుగా చేస్తాయి. రోజూ ఓపీలో ఇలాంటివారు కనిపిస్తూనే ఉంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బీ12 పరీక్ష ఇంకా కాలేదంటే ఆ మాత్రల్లో బీ12 ఉందేమో కూడా చూడండి, ఉంటే రిపోర్టు మామూలుగా వచ్చి మోసం చేయవచ్చు.

వ్యాయామం విషయానికొస్తే, అది చేయాల్సిందే. కానీ పోయిన జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,600 మందికి పైగా పెద్దవారిపై జరిగిన లైఫ్ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. రెండేళ్ల వ్యాయామం తర్వాత కూడా జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా షుగర్, బీపీ, నిద్ర, మనసు, అన్నిటికీ నడక మేలు చేస్తుంది, ఇవి బాగుంటేనే మెదడుకు రక్షణ. గుండె పరీక్ష అయ్యాక వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున చాలు. వారంలో రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం చేయించండి. బరువులెత్తే ముందు కంటి రెటీనా పరీక్ష కావాలి. గుడి ప్రదక్షిణలైనా సరే, తిమ్మిర్లున్న కాళ్లతో చెప్పుల్లేకుండా నడవనివ్వకండి.

ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆ షాపు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. తెలిసిన దారిలోనే తప్పిపోతున్నా, డబ్బు లెక్కలు తప్పుతున్నా న్యూరాలజిస్టుకు చూపించాలి. మాట హఠాత్తుగా తడబడినా, మూతి వంకర పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.