సి డ్రైవ్ నిండిపోతే ముందు దేన్ని తీయాలి?

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నా కంప్యూటర్‌లో విండోస్ 11 ఉంది. 118 జీబీల సి డ్రైవ్‌లో 3 జీబీలే మిగిలాయి, డి డ్రైవ్ మాత్రం చాలావరకు ఖాళీగా ఉంది. అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది, ఫొటోషాప్ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. శుభలేఖలు, కరపత్రాల ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి; పోయిన మా నాన్నగారి ఫొటోలు కూడా అక్కడే ఉన్నాయి. తెలిసినవారొకరు విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే పెద్ద ఫోల్డర్‌ను తీసేయమన్నారు, మరొకరు ఫార్మాట్ చేయించమన్నారు. ఏది సరైనది?

జవాబు: ఆ రెండింటిలో ఏదీ చేయవద్దు. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లో విండోస్ తనను తాను బాగుచేసుకోవడానికీ, అప్‌డేట్లు వేసుకోవడానికీ కావలసిన భాగాలుంటాయి. వాటిని చేత్తో తీసేస్తే కంప్యూటర్ మొదలుకాకుండా పోయే ప్రమాదం ఉంది. పైగా ఆ ఫోల్డర్ కనిపించేంత పెద్దది కాదు. అందులోని చాలా ఫైళ్లు డ్రైవ్ మీద ఒక్కసారే ఉండి, రెండు మూడు చోట్ల పేరు మాత్రం నమోదై ఉంటాయి కాబట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఒకే ఫైలును మళ్లీ మళ్లీ లెక్కపెట్టి పెద్ద అంకె చూపిస్తుంది. ఇక ఫార్మాట్ చేయిస్తే ఈరోజుకు జాగా వస్తుంది గానీ, నిండడానికి కారణమైన అలవాటు అలాగే ఉంటుంది కనుక ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే స్థితికి వస్తారు.

మీ ఉత్తరంలో అసలు కారణం ఒక్క మాటలోనే దొరికింది: డెస్క్‌టాప్. తెర మీద కనిపిస్తుంది కాబట్టి అది వేరే చోటు అని చాలామంది అనుకుంటారు గానీ, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ సి డ్రైవ్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపలివే. అక్కడ పెట్టిన ప్రతి శుభలేఖా విండోస్‌కు కావలసిన జాగాలోనే కూర్చుంటుంది.

ఏదైనా తీసే ముందు ఎంత జాగా దేనికి పోయిందో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే అప్లికేషన్లకు ఎంత, తాత్కాలిక ఫైళ్లకు ఎంత అని విడివిడిగా కనిపిస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ప్రతి ఫోల్డర్‌నూ పరిమాణం ప్రకారం వరుసగా చూపుతుంది. ఈ చూడడానికి ఒక పూట పట్టినా ఫరవాలేదు. కంగారులో తీసేసిన ఫైలు తిరిగి రావడం మన చేతిలో ఉండదు.

మొదట నాన్నగారి ఫొటోల సంగతి చూడండి. జాగా కోసం వాటిని తీయవలసిన అవసరం లేదు, కానీ అవి ఒక్క చోటే ఉండడం నన్ను కలవరపెడుతోంది. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి, పది పన్నెండు ఫొటోలైనా తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని కాపీగా లెక్కపెట్టకూడదు. డి డ్రైవ్‌లో మరొకటి ఉంచుకోవచ్చు గానీ, అది అదే పెట్టెలో ఉంది కాబట్టి కంప్యూటర్‌కు ఏమైనా అయితే రెండూ కలిసే పోతాయి.

ఆ తరువాత తాత్కాలిక ఫైళ్లు. అదే స్టోరేజ్ పేజీలో టెంపరరీ ఫైల్స్ అన్న చోట పాత అప్‌డేట్ల అవశేషాలు, రీసైకిల్ బిన్ వంటివన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. అది తాత్కాలికం కాదు, మీరు దించుకున్న ఫాంట్లు, ఖాతాదారులు పంపిన ఫైళ్లు అందులోనే ఉంటాయి కాబట్టి దానికి టిక్కు లేదని రెండుసార్లు చూసుకోండి. ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అని కనిపిస్తే అది వెనకటి విండోస్. సాధారణంగా 10 రోజులకు తనంతట తానే పోతుంది. ముందే తీసేయవచ్చు గానీ, తీసిన తరువాత పాత దానికి వెనక్కి వెళ్లడం కుదరదు.

మీ వృత్తికి సంబంధించినవి రెండున్నాయి, సాధారణ సలహాల్లో ఇవి కనబడవు. ఫొటోషాప్ పని చేస్తున్నంతసేపూ స్క్రాచ్ డిస్క్ పేరుతో డ్రైవ్ మీద జాగా వాడుకుంటుంది. పెద్ద ఫ్లెక్సీ డిజైన్ తెరిచినప్పుడు అది ఎన్నో జీబీలు కావచ్చు. మధ్యలో కరెంటు పోతే ఆ తాత్కాలిక ఫైలు అక్కడే మిగిలిపోవచ్చు కూడా. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్‌కు వెళ్లి సి బదులు డి ఎంచుకోండి. డి డ్రైవ్ మామూలు హార్డ్ డిస్క్ అయితే వేగం కొంత తగ్గుతుంది గానీ, నిండిన సి డ్రైవ్ మీద ఆగి ఆగి నడవడం కంటే అదే మేలు. రెండోది కోరెల్‌డ్రా. మీరు సేవ్ చేసిన ఫైళ్ల పక్కన ‘బ్యాకప్ ఆఫ్’ అన్న మాటలతో మొదలయ్యే పేర్లతో అది మరో ప్రతిని ఉంచుతుంది. ముద్రణ పూర్తై, అసలు ఫైలు బాగా తెరుచుకుంటున్న పనుల బ్యాకప్ ప్రతులను తీసేయవచ్చు.

ఇప్పుడు అసలు మార్పు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డెస్క్‌టాప్ మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అన్న ట్యాబ్‌కు వెళ్లి, ‘మూవ్’ నొక్కి, డి డ్రైవ్‌లో ముందే చేసి పెట్టుకున్న కొత్త ఫోల్డర్‌ను చూపండి. కొత్త ఫోల్డర్ తప్పనిసరి; నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే అందులో ఉన్నవన్నీ డెస్క్‌టాప్‌గా మారి చిక్కు వస్తుంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్‌కు కూడా వేర్వేరు ఫోల్డర్లతో ఇలాగే చేయండి. మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్‌ను భద్రపరుస్తుంటే ముందు ఆ ఏర్పాటును ఆపాలి. ఇది పూర్తైతే ఎప్పటిలాగే తెర మీదే పెట్టుకుంటారు, జాగా మాత్రం డి డ్రైవ్‌లో ఖర్చవుతుంది.

ఇంకా చాలకపోతే హైబర్నేషన్ ఫైలు ఉంది. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్న పనిని విండోస్ డ్రైవ్ మీద దాచుకునేది అందులోనే. 16 జీబీల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో అది మామూలుగా 6 జీబీలకు పైగా ఆక్రమిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని విడదీయకుండా, తరువాత ఖాళీ వదిలి ముందుకు వాలిన గీతతో ‘హెచ్’, మళ్లీ ఖాళీ వదిలి ‘ఆఫ్’ అని టైపు చేస్తే ఆ ఫైలు పోతుంది. దీనితో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగి, కంప్యూటర్ తెరుచుకోవడం కొంచెం ఆలస్యం కావచ్చు. సెంటర్‌లోని డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు దీనివల్ల నష్టం లేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం బ్యాటరీ అడుగంటినప్పుడు చేస్తున్న పనిని కాపాడేది అదే కాబట్టి అక్కడ ముట్టుకోవద్దు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్ మీద వాడుకునే పేజ్ ఫైలును మాత్రం ఎక్కడా ఆపవద్దు.

కనీసం 20 జీబీలు ఖాళీ అయ్యేదాకా ఈ పని ఆపకండి. అప్‌డేట్ దిగడానికీ, విప్పుకోవడానికీ, పాతదాన్ని కొన్నాళ్లు దాచుకోవడానికీ విండోస్‌కు ఆ మాత్రం చోటు ఉండాలి. పైగా మీ సి డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డ్రైవ్) అయితే, అందులో ఖాళీ అరలు తగ్గేకొద్దీ రాసే పని నెమ్మదిస్తుంది.

ప్రశ్న: 1 టీబీ హార్డ్ డిస్క్ కొన్నాను. కంప్యూటర్ 931 జీబీ అనే చూపిస్తోంది. దుకాణంవారు మోసం చేశారా?

జవాబు: లేదు. తయారీదారులు 1 జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 1,07,37,41,824 బైట్లుగా లెక్కిస్తుంది. లక్ష కోట్ల బైట్లను రెండో అంకెతో భాగిస్తే 931 వస్తుంది.

ప్రశ్న: 40 జీబీల వీడియోలు డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదు. ఎందుకు?

జవాబు: డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌కు వెళుతుంది, ఆ బిన్ అదే డ్రైవ్ మీద ఉంటుంది. ఒకసారి లోపల చూసుకుని, అవసరమైనది ఏదీ లేదని నిర్ధారించుకున్నాక ఖాళీ చేయండి. ఆ తరువాత కూడా లెక్క కుదరకపోతే సిస్టమ్ ప్రొటెక్షన్‌లో రిస్టోర్ పాయింట్లకు (విండోస్‌ను వెనకటి స్థితికి తేవడానికి దాచుకునే ప్రతులకు) ఎంత జాగా కేటాయించి ఉందో చూసి, ఎక్కువగా ఉంటే తగ్గించండి. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినది మాత్రం సాధారణంగా బిన్‌కు వెళ్లదు, నేరుగా పోతుంది. కాబట్టి అక్కడ ‘ఎస్’ నొక్కే ముందే చూసుకోవాలి.