పన్ను ఎప్పట్నుంచో కడుతున్నారు, ఓటే లేదు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 2010లో అమెరికా వచ్చాం. 2020 నవంబరులో నాకూ, మా వారికీ, అబ్బాయికీ గ్రీన్‌కార్డులు వచ్చాయి. అమ్మాయి ఇక్కడే పుట్టింది. అబ్బాయికి ఈ మే నెలలో పదిహేడు నిండుతాయి. సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామని నేనంటే, ‘రిటైరయ్యాక ఇండియా వెళ్ళిపోతాం కదా, అమెరికా పన్నులు అక్కడికీ వెంటపడతాయి’ అని మా వారు వెనక్కి లాగుతున్నారు. తెనాలి దగ్గర మా నాన్నగారికి నాలుగెకరాల మాగాణి ఉంది. నేనొక్కదాన్నే సంతానం. నేను పౌరసత్వం వదిలేస్తే పొలం నాకు రాదని ఊళ్ళో ఎవరో చెప్పారట, ఆయన బెంగపెట్టుకున్నారు. సిటిజన్లయితే ఇంటికి పంపే డబ్బు మీద పన్ను ఉండదని వాట్సాప్‌లో కూడా చూశాం. డబ్బు లెక్కలో చూస్తే తీసుకోవడం మంచిదా, కాదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో భయాలన్నీ వరసగా రాశారు గానీ, అన్నిటికంటే ముఖ్యమైన తేదీని పట్టించుకోలేదు. అది 2027 మే, మీ అబ్బాయికి పద్దెనిమిది నిండే రోజు.

2000లో వచ్చిన చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ప్రకారం, తల్లిదండ్రుల్లో ఒక్కరు అమెరికా పౌరులైతే చాలు. గ్రీన్‌కార్డు ఉండి, ఆ తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఇక్కడే ఉంటున్న పిల్లవాడు పద్దెనిమిది లోపు ఉంటే ఆ క్షణాన తనూ పౌరుడైపోతాడు. దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, ఫీజు లేదు. నేరుగా పాస్‌పోర్ట్‌కి వెళ్ళడమే. పౌరసత్వ సర్టిఫికెట్ విడిగా కావాలంటే ఎన్-600 ఫారానికి వెయ్యి డాలర్లు దాటుతుంది. చాలామందికి పాస్‌పోర్టే సరిపోతుంది. అయితే లెక్కలోకి వచ్చేది మీరు అప్లై చేసిన రోజు కాదు, ప్రమాణం చేసిన రోజు. ఇంటర్వ్యూకి ఎన్ని నెలలు పడుతుందో మన చేతిలో లేదు కాబట్టి మే 2027 చాలా దూరంలో ఉందనుకోవద్దు. ఆ తేదీ దాటితే అబ్బాయి తన దరఖాస్తు తనే పెట్టుకోవాలి, తన ఫీజు తనే కట్టుకోవాలి. కాలేజీకిచ్చే ఫెడరల్ సాయం గ్రీన్‌కార్డుకీ వస్తుంది కాబట్టి అక్కడ తేడా లేదు. సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే ఉద్యోగాల దగ్గర మాత్రం తేడా చాలా ఉంటుంది.

కాబట్టి మీ వారు ఇంకా ఊగిసలాడుతున్నా సరే, మీ ఒక్కరి దరఖాస్తు ఈ నెలలోనే పెట్టేయండి. ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఆ 710తో ఇంట్లో ఇద్దరు పౌరులవుతారు. ఇంతకంటే చవక బేరం నా అనుభవంలో తక్కువ.

ఇక మీ వారి భయం. సిటిజనైతే పన్ను పెరుగుతుందన్న మాట గ్రీన్‌కార్డు లేకుండా బయట ఉంటున్నవాళ్ళకు చెప్పాల్సింది, మీకు కాదు. కనీసం 2020 నుంచీ ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి చెప్పాల్సిన వాళ్ళే మీరు. తెనాలి బ్యాంకులో మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాని వడ్డీ అమెరికా రిటర్నులో చూపించాలి. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల పత్రం, దాఖలు చేయాలి. అక్కడి మ్యూచువల్ ఫండ్లు కొనుంటే 8621 ఫారంతో తలనొప్పి ఉండనే ఉంది. ఇవన్నీ పౌరులకూ, గ్రీన్‌కార్డు వాళ్ళకూ ఒక్కటే. మీరిద్దరూ ప్రమాణం చేసిన మర్నాడు ఇక్కడ కట్టే ఆదాయపు పన్నులో ఒక్క డాలరూ మారదు.

తేడా వచ్చేది తిరిగి ఇండియా వెళ్ళినప్పుడే. పౌరులు తెనాలిలో కూర్చున్నా ఏటా అమెరికా రిటర్ను వేయాలి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది కాబట్టి రెండుసార్లు కట్టే పరిస్థితి అరుదు. కానీ కాగితాల పని తప్పదు, దానికి సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) ఫీజూ తప్పదు. గ్రీన్‌కార్డయితే తిరిగిచ్చేసి చేతులు దులుపుకోవచ్చు కదా అన్నది మీ వారి ధీమా. అందులో సగమే నిజం. గత పదిహేను పన్ను సంవత్సరాల్లో ఎనిమిదేళ్ళు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను చట్టం పౌరసత్వం వదులుకునే వాళ్ళతో సమానంగా చూస్తుంది. ఏడాదిలో ఒక్కరోజు కార్డు ఉన్నా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. మీకు 2020 నవంబరులో వచ్చింది కాబట్టి అది మొదటి ఏడాది. అలా చూస్తే 2027 ఎనిమిదోది. ఆ జనవరి 1 దాటాక కార్డు తిరిగిచ్చినా ఎగ్జిట్ టాక్స్, అంటే వదిలి వెళ్ళేటప్పుడు ఆస్తుల మీద వేసే పన్ను, పరీక్షకి నిలబడాల్సిందే. ఒక్కొక్కరి నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, గత ఐదేళ్ళ పన్ను బాధ్యతలు సక్రమంగా తీర్చామని సంతకం పెట్టలేకపోయినా అందులో ఇరుక్కుంటారు. ఇంటి విలువా, 401కె రిటైర్మెంట్ పొదుపూ, ఇండియా స్థలాలూ అన్నీ ఆ లెక్కలోవే. మీ వారు నిజంగా ఈ డిసెంబరు లోపు మూటాముల్లె సర్దుకుంటానంటే ఆయన దరఖాస్తు పెట్టొద్దని నేనే చెబుతాను. పదేళ్ళ తర్వాత వెళ్దామన్నది ఆలోచనైతే, కార్డు పట్టుకుని కూర్చోవడం వల్ల పన్నులో ఆయనకు మిగిలేది చాలా తక్కువ.

పైగా ఆయన చూడని ఇంకో కోణం సోషల్ సెక్యూరిటీ. కార్డు తిరిగిచ్చేసి ఇండియాలో స్థిరపడ్డ భారత పౌరుడికి పెన్షన్‌లో 85 శాతం మీద 30 శాతం పన్ను, అంటే మొత్తంలో 25.5 శాతం, ఇక్కడే పట్టుకుని పంపిస్తారు. నెలకు 2,000 డాలర్లు రావాల్సిన చోట 510 ముందే పోతాయి. అమెరికా పౌరుడైతే ఈ కోత లేదు. మామూలు స్లాబుల ప్రకారం కడతాడు. వేరే ఆదాయం అంతగా లేని మనిషికి అసలు పన్నే పడకపోవచ్చు. గ్రీన్‌కార్డుతో ఏడాది దాటి ఇండియాలో ఉంటే కార్డే పోయే ప్రమాదం. తిరిగి రావడానికి ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నా రెండేళ్ళే. సిటిజన్‌కి ఆ గడువుల గొడవ లేదు. ఆర్నెల్లు అమ్మానాన్నల దగ్గర, ఆర్నెల్లు పిల్లల దగ్గర అన్నా ఎవరూ అడగరు. ఇండియా తిరిగి వెళ్ళాలని గట్టిగా ఉన్నవాళ్ళకే అమెరికా పాస్‌పోర్ట్ ఎక్కువ పనికొస్తుందని నేనంటే మొదట ఎవరూ నమ్మరు.

మీ నాన్నగారి బెంగ విషయానికొస్తే, ఆయనతో ఇలా చెప్పండి. విదేశాల్లో ఉన్న భారత పౌరుడు ఎలాగో, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్ళూ అలాగే. ఇద్దరూ ఇండియాలో వ్యవసాయ భూమి కొనలేరు. ఇద్దరూ గిఫ్ట్‌గా పుచ్చుకోలేరు. ఇద్దరికీ వారసత్వంగా మాత్రం వస్తుంది. అంటే ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఈరోజు కూడా ఆయన మీ పేరున దానపత్రం రాయిస్తే అది విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలకు విరుద్ధమే. వీలునామా రాసి రిజిస్టర్ చేయించమనండి. రేపు మీరు పౌరులయ్యాక కూడా ఆ వీలునామాతో పొలం మీకు వస్తుంది. అమ్మాల్సి వస్తే ఇండియాలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. వచ్చిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఇండియా ఆదాయం కోసం విదేశాల్లో ఉండేవాళ్ళు పెట్టుకునే ఖాతా) వేసుకుని, పన్ను లెక్కలు చూపించి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా ఇటు తెచ్చుకోవచ్చు. పల్లెటూరి పొలం అమ్మితే ఇండియాలో మూలధన లాభాల పన్ను లేదు కదా అని ఇక్కడా ఊరుకోకండి, అమెరికా ఆ మినహాయింపును గుర్తించదు. కాకపోతే వారసత్వం వచ్చిన రోజు ధరనే ఇక్కడ కొన్న ధరగా తీసుకుంటారు. ఆ రోజు విలువకి ఒక వాల్యుయేషన్ రిపోర్ట్ రాయించి దాచుకోండి. విలువ 1,00,000 డాలర్లు దాటితే ఆ వారసత్వం గురించి ఐఆర్‌ఎస్‌కి చెబుతూ 3520 ఫారం వేయాలి. మర్చిపోతే జరిమానా ఘోరంగా ఉంటుంది. ఇదీ గ్రీన్‌కార్డుకీ సిటిజన్‌కీ ఒక్కటే.

వాట్సాప్ మాట పాతది. 2025లో విదేశాలకు పంపే డబ్బు మీద పన్ను వేసే బిల్లు మొదట వచ్చినప్పుడు పౌరులు కానివాళ్ళు పంపే డబ్బు మీదే పన్ను వేస్తామన్నారు. చివరికి చట్టమయ్యేసరికి అది 1 శాతానికి దిగింది, పౌరులు, కానివాళ్ళన్న తేడా తీసేశారు. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపితేనే పడుతుంది. మీరు బ్యాంకు ఖాతా నుంచో ఇక్కడి డెబిట్ కార్డుతోనో పంపిస్తుంటే మీకు సంబంధమే లేదు.

ఓటు సంగతి ఆర్థిక సలహాదారు మాట్లాడాల్సింది కాదంటారు. నేనలా అనుకోను, ముఖ్యంగా టెక్సస్‌లో. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి బడులు ఇంటి పన్ను మీదే బతుకుతాయి. ఇంటి అప్పుతో పాటు మీ దగ్గర ఇంటి పన్ను వసూలు చేసి కట్టే ఎస్క్రో ఖాతా స్టేట్‌మెంట్ ఒకసారి తెరిచి చూడండి. అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే ఉంటుంది. సొంత ఇంటికి స్కూల్ పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపును 2023లో 40,000 నుంచి 1,00,000 డాలర్లకూ, 2025 నవంబరులో 1,40,000కూ పెంచింది ఓటర్లే. లాభం మీకూ వచ్చింది, నిర్ణయంలో మాత్రం మీరు లేరు. కొత్త బడికి బాండ్లు తేవాలా, పన్ను రేటు పెంచాలా అన్న ఎన్నికలూ ఇలాగే జరుగుతాయి, ఎక్కువగా మే, నవంబరు నెలల్లో. వీటికి వచ్చేవాళ్ళు తక్కువ. మన వీధిలో నాలుగు కుటుంబాలు కదిలినా తెలిసిపోయే ఎన్నికలు ఇవి. ఇందులో తమాషా ఏమిటంటే గ్రీన్‌కార్డున్నవాళ్ళు ఫెడరల్ అభ్యర్థికి చందా ఇవ్వొచ్చు, 2025-26 విడతలో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల దాకా. డబ్బుకి పనికొస్తారు, ఓటుకి పనికిరారు! ఆ చందాకి పన్ను మినహాయింపు కూడా లేదు.

ఖర్చు ఇదీ: ఇద్దరి దరఖాస్తులకూ 1,420, ముగ్గురి పాస్‌పోర్ట్‌లకూ 495, ముగ్గురి ఓసీఐలకూ 825. మొత్తం 2,740 డాలర్లు. ఓసీఐకి ముందు ఇండియా పౌరసత్వం వదిలినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి, దాని ఫీజు, సర్వీసు చార్జీలు అదనం. ప్రమాణం చేశాక ఇండియా పాస్‌పోర్ట్‌తో ప్రయాణం కుదరదు. ఓసీఐ వచ్చేదాకా ఊళ్ళో నాన్నగారికి ఒంట్లో బాగాలేదన్నా ఇబ్బందే. అందుకని అమెరికా పాస్‌పోర్ట్‌కి మరో 60 డాలర్లు కట్టి త్వరగా తెప్పించుకోండి. పౌరసత్వ పరీక్ష 2025 అక్టోబరు 20 నుంచి అప్లై చేసినవాళ్ళకు మారింది. 128 ప్రశ్నల నుంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. మీకది పెద్ద లెక్క కాదు.

సిటిజనయ్యాక నాన్నగారినీ అమ్మగారినీ తెచ్చుకోవచ్చు, పౌరుల తల్లిదండ్రులకు క్యూ లేదు. కానీ తొందరపడొద్దు. గ్రీన్‌కార్డు రాగానే ఆయన కౌలు డబ్బూ, డిపాజిట్ వడ్డీ అమెరికా పన్నులోకి వస్తాయి. ఐదేళ్ళు వరసగా ఇక్కడుంటే తప్ప పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొనుక్కోవడానికి కూడా ఉండదు. అప్పుడు కూడా అందులో ఆసుపత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఏ ప్రీమియమే 2026 లెక్కన మనిషికి నెలకు 565 డాలర్లు. చూడాలని ఉంటే విజిటర్ వీసా చాలు.

దరఖాస్తు పంపేముందు ఈ ఐదేళ్ళ రిటర్నులూ, ఎఫ్‌బార్లూ ముందేసుకుని చూడండి. ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు ఫారంలో పన్ను రిటర్నులు వేయకపోవడం గురించీ, బాకీల గురించీ అడుగుతారు. ఏదైనా వదిలేసి ఉంటే ముందు సీపీఏ దగ్గర సరిచేయించి, ఆ తర్వాతే అప్లై చేయండి. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని కూడా అదే ఫారంలో ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌లో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే, చూసుకోకుండా అవునని నొక్కేవాళ్ళు ఉన్నారు. పౌరులు కాకుండా నమోదైనా, ఓటేసినా సిటిజన్‌షిప్ మాట అటుంచి గ్రీన్‌కార్డే పోవచ్చు. మీ ఇద్దరిలో ఎవరికి అలాంటి అనుమానం ఉన్నా, నా దగ్గరికీ సీపీఏ దగ్గరికీ కాదు, ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్ళండి. అలాంటి అనుమానమేమీ లేకపోతే, ప్రమాణం అయ్యాక కౌంటీలో ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి. ఎన్నికకు ముప్పై రోజుల ముందే ఆ గడువు ముగుస్తుంది.