వ్యాక్యూమ్ క్లీనర్ కొనేముందు, కొన్న తర్వాత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొత్త వ్యాక్యూమ్ క్లీనర్ కోసం రెండు నమూనాలు చూశాం. ఒకదాని మీద 2000 వాట్లు అని, రెండోదాని మీద 800 వాట్లు అని రాసి ఉంది. మొదటిదే బలమైనది, అదే తీసుకోండి అని అమ్మేవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ ఒక్క అంకెను చూసి నిర్ణయించకండి. వాట్లు చెప్పేది యంత్రం ఎంత కరెంటు తీసుకుంటుందో మాత్రమే గానీ, నేల మీది దుమ్మును ఎంత బాగా లాగుతుందో కాదు. మోటారు తీసుకున్న విద్యుత్తులో కొంత వేడిగాను, కొంత శబ్దంగాను పోగా మిగిలినదే గాలిని కదిలిస్తుంది. ఆ మిగిలేది ఎంత అన్నది ఫ్యాను రెక్కల తీరు, గాలి దారిలోని వంపులు, అతుకుల దగ్గర చొరబడే గాలి, నేలకు ఆనే నాజిల్ ఆకారం వంటి వాటి మీద ఆధారపడి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2014 సెప్టెంబరు నుంచి ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్లు 1600 వాట్ల లోపు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్ల లోపు మాత్రమే ఉండాలన్న నిబంధన వచ్చింది. దానితో అక్కడి ఇళ్లలో దుమ్ము పేరుకుపోలేదు. తయారీదారులే ఫ్యానునూ నాజిల్‌నూ మెరుగుపరిచి చిన్న మోటారుతో పని జరిగేలా చూశారు.

పెట్టె మీద లాగే బలాన్ని చెప్పే కిలోపాస్కల్ అంకె, సెకనుకు ఎన్ని లీటర్ల గాలి అన్న అంకె ఉంటే అవి వాట్ల కన్నా నయం. అయితే వాటినీ కొంత అనుమానంతోనే చదవాలి. కిలోపాస్కల్ అంకెను గాలి చొరబడే దారిని పూర్తిగా మూసి కొలుస్తారు కాబట్టి, ఆ క్షణంలో గాలి కదలనే కదలదు. గాలి ప్రవాహాన్ని ఏ అడ్డూ లేకుండా కొలుస్తారు కాబట్టి, అప్పుడు లాగే బలం దాదాపు ఉండదు. మన నేల మీద జరిగే పని ఈ రెండు కొసలకూ నడుమ ఎక్కడో ఉంటుంది. ఒకే సమయంలో కొలిచిన బలాన్నీ ప్రవాహాన్నీ గుణించగా వచ్చే ఎయిర్ వాట్ల అంకె దొరికితే, పోల్చి చూడడానికి అది అన్నిటికన్నా మెరుగు. తివాచీల విషయంలో మాత్రం అదీ చాలదు. పోగుల మధ్య ఇరుక్కున్న దుమ్మును పైకి లేపేది ప్రధానంగా తిరిగే బ్రష్. గాలి దాన్ని మోసుకుపోతుంది, అంతే.

ఇంకో సంగతి చెప్పాలి. వ్యాక్యూమ్ క్లీనర్ల మీద అతికించే విద్యుత్తు పొదుపు లేబుల్‌కు సంబంధించిన యూరోపియన్ యూనియన్ నిబంధనను అక్కడి జనరల్ కోర్టు 2018 నవంబరులో కొట్టివేసింది. యంత్రాలను దుమ్ము చేరే డబ్బా ఖాళీగా ఉండగానే పరీక్షిస్తున్నారని, ఇళ్లలో వాడకం అలా ఉండదని వ్యాక్యూమ్ క్లీనర్లు తయారుచేసే డైసన్ సంస్థ వేసిన వ్యాజ్యం మీద వచ్చిన తీర్పు అది. నా దృష్టిలో కొనేవారు గుర్తుంచుకోవలసిన విషయం అందులోనే ఉంది. కొత్తగా, ఖాళీగా ఉన్నప్పుడు ఏ యంత్రమైనా బాగానే లాగుతుంది. డబ్బా సగం నిండి, ఫిల్టరుకు బూడిద రంగు పొర పట్టిన తర్వాత ఎలా లాగుతుందన్నదే అసలు లెక్క. అందుకని దుకాణంలో స్విచ్ వేసి శబ్దం విని సంతృప్తి పడకుండా, డబ్బాను మీ చేతులతో తెరిచి చూడండి, ఫిల్టరును బయటికి తీసి మళ్లీ పెట్టండి, బ్రష్ రోలర్ పనిముట్లు లేకుండా ఊడి వస్తుందో లేదో గమనించండి. అక్కడే విసుగు పుట్టించిన పనిని ఇంట్లో ఎవరూ చేయరు. చేయకపోతే 2000 వాట్లు ఉండీ ప్రయోజనం లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరికి దుమ్ము పడదు, ఉబ్బసం కూడా ఉంది. సంచి ఉండే రకం మంచిదా, డబ్బా రకమా? హెపా ఫిల్టరు ఉంటే చాలా?

జవాబు: మీ ఇంటికి సంచి రకాన్నే సూచిస్తాను. డబ్బా రకంలో గాలిని సుడిగుండంలా తిప్పి, బరువైన రేణువులను డబ్బా గోడలకు విసిరికొట్టి, కిందికి జార్చుతారు. జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేసి ఈ పద్ధతిని ఇంటి యంత్రానికి అనువుగా మలిచారు. ఆయన సంస్థ తొలి యంత్రం డీసీ01 1993లో అమ్మకానికి వచ్చింది. సంచి కొనే ఖర్చు ఉండదు, దుమ్ము నిండుతున్నకొద్దీ లాగే బలం అంతగా తగ్గదు, పొరపాటున లోపలికి పోయిన చెవిపోగు కంటికి కనిపిస్తుంది. కానీ డబ్బాను చెత్తబుట్టలో బోర్లించిన ప్రతిసారీ, ఏ సన్నని ధూళిని ఇంట్లోంచి తీసేయాలనుకున్నారో అదే మొహం మీదికి లేస్తుంది. సంచి రకంలో దుమ్ము చివరిదాకా సంచిలోనే ఉంటుంది; పలు పొరల బట్టతో చేసిన సంచి తానే ఒక ఫిల్టరుగా పనిచేస్తుంది; మూతి బిగించి పారేస్తే పని అయిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు కాబట్టి, ఆ నమూనాకు సరిపడే సంచులు ఇకముందు కూడా సులువుగా దొరుకుతాయా అని కొనేముందే కనుక్కోండి. సంచి పూర్తిగా బిగిసిపోయేదాకా ఆగకుండా కాస్త ముందే మార్చడం మంచిది.

హెపా గురించి అడిగారు. అతి సన్నని రేణువులను కూడా ఆపే ఫిల్టరు రకం అది. యూరప్ ప్రమాణాల ప్రకారం హెచ్13 తరగతి ఫిల్టరు, పట్టుకోవడానికి అత్యంత కష్టమైన పరిమాణంలో ఉన్న రేణువులను కూడా 99.95 శాతం ఆపగలగాలి. అమెరికాలో వాడే కొలత 0.3 మైక్రాన్ల రేణువులకు 99.97 శాతం. అట్ట మీద తరగతి ఏదో చెప్పకుండా ‘హెపా తరహా’, ‘హెపా వంటి’ అని రాసి ఉంటే, ఆ మాటకు కొలత ఏదీ లేదని అర్థం చేసుకోవాలి. ఫిల్టరు ఎంత మంచిదైనా, యంత్రపు మూతల అంచుల నుంచి గాలి బయటికి తప్పించుకుంటే ఫలితం ఉండదు. ఫిల్టరు ఒక్కటే కాక యంత్రమంతా గాలి చొరబడకుండా మూసి ఉందా అన్నది వివరాల పుస్తకంలో చూడండి. దుమ్ము పడని వ్యక్తి ఊడ్చే సమయంలోనూ, ఆ తర్వాత కాసేపూ ఆ గదిలో లేకపోవడం, సంచిని వేరొకరు మార్చడం మేలు. పరుపులోని సూక్ష్మమైన పురుగులను యంత్రం పూర్తిగా తీయలేదు. వాటి విసర్జితాలను, చర్మపు పొట్టును కొంత తగ్గిస్తుంది. దుప్పట్లను 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకడం మానకూడదు. ఉబ్బసానికి వైద్యుడు చెప్పినదే ప్రధానం, యంత్రం దానికి తోడు మాత్రమే.

ప్రశ్న: మొదట్లో చక్కగా పనిచేసిన యంత్రం కొన్ని వారాలకే నీరసించింది. పైగా సన్నగా ఈల వేస్తున్నట్టు శబ్దం, పాతబడిన తడి బట్ట వాసన. మోటారు పాడైందా?

జవాబు: చాలావరకు మోటారు కాదు, గాలి దారే. శబ్దం పైస్థాయికి పోవడం అందుకు గుర్తు. దారి మూసుకుపోతే లోపలికి గాలి రాదు. లాగవలసిన గాలి తగ్గడంతో ఫ్యాను మీద భారం తగ్గి, మోటారు మామూలు కన్నా వేగంగా తిరుగుతుంది. వినేవారికి అది మరింత కష్టపడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి పని చేయలేక ఊరికే తిరుగుతోంది. ఆ స్థితిలో ఎక్కువసేపు నడిపితే మాత్రం, లోపలికి వచ్చే గాలితోనే చల్లబడే రకం మోటారు వేడెక్కి నిజంగానే పాడవుతుంది. మధ్యలో దానంతట అదే ఆగిపోతే భయపడకండి. అతివేడి నుంచి కాపాడే మీట అది. ప్లగ్గు తీసి, అడ్డును తొలగించి, బాగా చల్లారిన తర్వాత మళ్లీ వేయండి.

అడ్డు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక వరుస ఉంది. గొట్టాన్ని యంత్రం నుంచి విడదీసి, స్విచ్ వేసి, గొట్టం తగిలించే రంధ్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి. అక్కడ గట్టిగా లాగుతుంటే లోపం గొట్టంలోనో, ప్లాస్టిక్ కడ్డీలోనో, నాజిల్‌లోనో ఉంది. అక్కడే బలహీనంగా ఉంటే సంచో, డబ్బానో, ఫిల్టరో కారణం. కడ్డీని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే లోపలి అడ్డు కనిపిస్తుంది. వంగే గొట్టానికి ఆ ఉపాయం పనికిరాదు కనుక, విడదీసిన గొట్టాన్ని పైకెత్తి ఒక కొసలో చిన్న గోలీ వేయండి. రెండో కొస నుంచి పడకపోతే, ఎక్కడ ఆగిందో గొట్టం మీద చేత్తో తడిమితే తెలుస్తుంది. సాధారణంగా అక్కడ జుట్టూ దారాలూ చుట్టుకున్న ఉండ ఉంటుంది. నాజిల్ బోర్లించి, బ్రష్ రోలర్ పొడవునా ఉండే గాడిలో కత్తెర మొన నడిపి, చుట్టుకున్న వెంట్రుకలను కత్తిరించండి. రోలర్ రెండు కొసల్లో ఉన్న బిళ్లల కిందకు చేరే వెంట్రుకలను చాలామంది వదిలేస్తారు, రోలర్ బిగుసుకుపోయేది వాటివల్లనే.

తడి బట్ట వాసనకు కారణం దాదాపుగా ఎప్పుడూ ఆరని ఫిల్టరే. ఉతకవచ్చునని రాసి ఉన్న ఫిల్టరునే ఉతకాలి, కొన్ని హెపా ఫిల్టర్లు నీళ్లు తగిలితే పనికిరాకుండా పోతాయి. చల్లని నీటి ధార కింద, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పిండకుండా దులిపి, కనీసం 24 గంటలు గాలికి ఆరనివ్వాలి. పైకి పొడిగా తగిలినా లోపలి మడతల్లో తడి మిగిలి ఉంటుంది. ఆ తడి మీద దుమ్ము చేరి బురదలా గట్టిపడితే వాసనతో పాటు గాలి దారి కూడా పోతుంది. రెండో ఫిల్టరు ఒకటి కొని పెట్టుకుని, ఒకటి ఆరుతుండగా రెండోది వాడుకోవడం చిన్న ఖర్చుతో పెద్ద సుఖం.

ప్రశ్న: గట్టి నేల మీద ఇసుక రేణువులు లోపలికి పోకుండా ముందుకు చిమ్ముతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: తిరిగే బ్రష్‌ను ఆపేయండి; చాలా యంత్రాల్లో దానికి విడిగా మీట ఉంటుంది. ఆ మీట లేకపోతే తిరిగే బ్రష్ లేని వెడల్పాటి నాజిల్ వాడండి. నాజిల్ చుట్టూ ఉండే కుచ్చును గట్టి నేల మీద కిందికి దించాలి, తివాచీ మీద పైకి లేపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నెమ్మదిగా జరపండి. చీపురు అలవాటుతో విసురుగా తోసేవారే ఎక్కువ.

ప్రశ్న: వైరు లేని కర్ర రకం కొన్నాం. 60 నిమిషాలు నడుస్తుందని రాశారు, పావుగంటకే ఆగిపోతోంది. మోసమా?

జవాబు: మోసం అనలేను, అర్ధసత్యం అనవచ్చు. ఆ 60 నిమిషాలు అతి తక్కువ వేగంలో, మోటారు ఉన్న బ్రష్ తగిలించకుండా కొలిచినవి. గరిష్ఠ వేగంలో ఇటువంటి యంత్రాలు పది నిమిషాల చుట్టుపక్కలే నడవడం మామూలు. లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం వాడకంతో ఏటేటా తగ్గుతుంది. వేడి ఆ తరుగుదలను ఇంకా తొందర చేస్తుంది. కాబట్టి వాడగానే వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్‌కు పెట్టకండి, ఎండ తగిలే కిటికీ పక్కన స్టాండు బిగించకండి. కొనబోయేవారికి ఒక్క మాట: బ్యాటరీ మీరే తీసి మార్చుకునే వీలు లేని యంత్రం ఆయుష్షు ఆ బ్యాటరీ ఆయుష్షే. తివాచీలు పరిచిన పెద్ద ఇంటికి వైరు ఉన్నదే ప్రధాన యంత్రంగా ఉండాలని నా అభిప్రాయం. వైరు ఉన్నదాన్ని ఎక్కువసేపు నడిపేటప్పుడు, చుట్ట మీది వైరు వేడెక్కకుండా దాన్ని పసుపు గుర్తు వరకు బయటికి లాగి వాడండి, ఎరుపు గుర్తు దాటనివ్వకండి.

ప్రశ్న: రోబో రకం 5000 పాస్కల్ అంటున్నారు. అదొక్కటి కొంటే మామూలుది అక్కర్లేదా?

జవాబు: 5000 పాస్కల్ అంటే 5 కిలోపాస్కల్, గొట్టం ఉండే మామూలు యంత్రాలు తరచుగా 20 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటాయి, గాలి ప్రవాహం కూడా వాటిదే చాలా ఎక్కువ. రోజూ పైపైన చేరే దుమ్మును పోగొట్టడంలో రోబోకు సాటి లేదు, ఎందుకంటే అది బద్ధకించదు. మెట్లు, సోఫా మడతలు, పరుపులు, గది మూలలు మీకే మిగులుతాయి. మెట్ల అంచును పరారుణ కాంతితో కనిపెట్టే దాని కళ్లు నల్లని తివాచీని గొయ్యిగా భ్రమించి వెనక్కి తిరగడం కద్దు. ఆ రంగు తివాచీ ఉన్నవారు ముందే ఆలోచించాలి.

ప్రశ్న: నేల మీద ఒలికిన నీళ్లనూ, ఇంటి మరమ్మతు తర్వాత మిగిలిన సిమెంటు పొడినీ దీనితోనే తీయవచ్చా?

జవాబు: మామూలు యంత్రంతో రెండూ వద్దు. నీళ్లు మోటారును చేరితే యంత్రానికీ మనిషికీ ప్రమాదం. తడి, పొడి రెండింటికీ పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్న రకంతోనే నీళ్లు తీయాలి. అందులోనూ ముందుగా కాగితపు ఫిల్టరు, సంచి తీసేసి, నురుగు ఫిల్టరు పెట్టాలి. సిమెంటు పొడి, గోడలకు పూసే పొడి అతి సన్నగా ఉండి ఫిల్టరు రంధ్రాలను వెంటనే పూడ్చేస్తాయి. ప్రింటరు టోనర్ పొడి ఇంకా సన్ననిది, ఫిల్టరును దాటి మోటారులోకి పోగలదు. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు మిగిలి ఉండి, సంచికి అంటుకోవచ్చు. గాజు పెంకులను ముందు చేత్తో కాకుండా అట్టముక్కతో పోగుచేసి తీసేయండి. ఆ తర్వాత మిగిలే నలుసుల కోసం కూడా తడి కాగితంతో అద్దడమే నయం, ఎందుకంటే గొట్టం లోపలి గోడకు పడ్డ చిన్న చీలిక బయటికి కనిపించదు.