రెండు రోజుల తేడాతో గ్రాట్యుటీ పోగొట్టుకోకండి

ప్రశ్న: మాది కావలి. కృష్ణపట్నం దగ్గర నూనె రిఫైనరీలో 2021 జూలై 12న చేరాను. బేసిక్, డీఏ కలిపి 24,000. చెన్నై కంపెనీ ఒకటి నెలకు 8,000 ఎక్కువిస్తానంటోంది, కాకపోతే నెలలోపు చేరాలట. ఇక్కడ నోటీసు 90 రోజులు. ఈ ఏప్రిల్ 10న రాజీనామా ఇచ్చి, 30 రోజులు చేసి, మిగతాదానికి డబ్బు కట్టి వెళ్లిపోవచ్చా? మా అమ్మ షుగర్ పేషెంట్, కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉంది.

జవాబు: వెళ్లొచ్చు. కానీ నేనైతే వద్దంటాను. 60 రోజులకు బేసిక్, డీఏ లెక్కన 48,000 కట్టాలి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో గ్రాస్ జీతం అని రాసుంటే ఇంకా ఎక్కువ, ముందు ఆ లైను చూడండి. రెండు నెలలు ముందు చేరినందుకు మీకు అదనంగా వచ్చేది 16,000 మాత్రమే.

అంతకన్నా పెద్దది గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు చేసి మానేసేవాళ్లకు కంపెనీ ఇచ్చే ఏకమొత్తం. మీకు ఐదేళ్లు నిండేది జూలై 11తో. 24,000ను 26తో భాగించి, 15తో, ఐదేళ్లతో హెచ్చిస్తే దాదాపు 69,230 రూపాయలు. నాలుగేళ్ల 240 రోజులు చేసినా ఐదేళ్ల కిందే లెక్క అని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది. అయితే చాలా కంపెనీలు ఐదేళ్లూ నిండాల్సిందే అంటాయి. కొత్త ఉద్యోగంలో కుదురుకునే రోజుల్లో ఆ తగాదా నెత్తినేసుకోవడం దేనికి?

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఏప్రిల్ 10న లెటర్ ఇస్తే, నోటీసు మొత్తం చేసినా 90 రోజులు జూలై 9కే అయిపోతాయి. రెండు రోజులు తక్కువ! ఏప్రిల్ 20న ఇవ్వండి. ఆఖరి పనిదినం ఏ తేదీనో రాజీనామా ఆమోదించే మెయిల్‌లో రాయించుకోండి. ముందే పంపించేసే హక్కు కంపెనీకి ఉందేమో కూడా లెటర్‌లో చూసుకోండి.

చెన్నై వాళ్లను జూలై ఆఖరు దాకా గడువు అడగండి. మంచి మనిషి కావాలనుకున్న కంపెనీ చాలాసార్లు ఆగుతుంది. ససేమిరా అంటే నోటీసు డబ్బు, గ్రాట్యుటీ నష్టం రెండూ చెప్పి జాయినింగ్ బోనస్ అడగండి. అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా ఉండొచ్చు.

పీఎఫ్ తీసేయకండి, కొత్త ఖాతాకు బదిలీ చేసుకోండి.

అమ్మగారి సంగతి మాత్రం ఈ వారమే చూడండి. మామూలుగా మీ ఆఖరి పనిదినంతోనే గ్రూప్ పాలసీ రక్షణ ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారుస్తారా అని ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. అలా మారితే గ్రూప్‌లో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు అది చాలా విలువైనది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులకు చోటుందో లేదో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తేల్చుకోండి.