పుల్ రిక్వెస్టులను తనంతట తానే టెస్ట్ చేసే బాట్ పెట్టాలంటే సర్వర్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ. నలుగురు స్నేహితులు కలిసి తెలుగు అక్షరదోషాలు పట్టే పైథాన్ లైబ్రరీ ఒకటి, కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టారు. అక్టోబరు వచ్చేసరికి బయటివాళ్ల నుంచి పుల్ రిక్వెస్టులు, అంటే 'నా మార్పులు మీ కోడ్‌లో కలుపుకోండి' అనే అభ్యర్థనలు, వరస కట్టాయి. ఒక్కోదాన్నీ లాప్‌టాప్‌లోకి దించుకుని టెస్టులు నడపడంతోనే విజయవాడ హాస్టల్లో మీ ఆదివారాలన్నీ అయిపోతున్నాయి. ఈ పని చేసిపెట్టే బాట్ కావాలి, దానికోసం నెలనెలా డబ్బు కట్టి సర్వర్ తీసుకోవాలా అని.

అక్కర్లేదు. మీ రిపో (గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉండే చోటు) పబ్లిక్‌గా ఉంది కాబట్టి, టెస్టులను తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ మీకు ఉచితం. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ పంపగానే 4 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ మెషిన్ ఒకటి కొత్తగా లేస్తుంది. మీ టెస్టులు నడిపి, పచ్చ టిక్కో ఎర్ర ఇంటూ మార్కో పెట్టి మాయమైపోతుంది. మీరు రాయాల్సింది ఏ టెస్టు ఎప్పుడు నడపాలో చెప్పే ఇరవై లైన్ల యామల్ ఫైలు ఒకటి, దాన్నే వర్క్‌ఫ్లో ఫైలు అంటారు. అది ఏ ట్యుటోరియల్‌లోనైనా దొరుకుతుంది, ఇక్కడ మళ్లీ రాయను. నేను దెబ్బతిని నేర్చుకున్నవి రాస్తాను. నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో. మీలాంటి లైబ్రరీనే ఒకదాన్ని నాలుగేళ్లుగా చూసుకుంటున్నాను.

మొదట్లో నాకూ సర్వర్ పిచ్చి ఉండేది. మన సొంత మెషిన్ అయితే కావాల్సినవన్నీ ముందే దించి ఉంటాయి, టెస్టులు చకచకా అయిపోతాయి కదా అని, డిగ్రీలో కొన్న పాత లాప్‌టాప్‌ని హాల్లో ఇన్వర్టర్ పక్కన పెట్టి దాన్నే రన్నర్‌గా, అంటే టెస్టులు నడిపే మెషిన్‌గా, కలిపాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. మే నెలలో ఒక రాత్రి అమ్మ లేపి, "ఏరా, నీ లాప్‌టాప్ మిక్సీలా మోగుతోంది, ఏమైనా అయిందేమో చూడు" అంది. చూస్తే సీపీయూ నూటికి నూరు శాతం వాడకంలో ఉంది. నేను ఎప్పుడూ పేరు వినని ప్రోగ్రామ్ ఒకటి నడుస్తోంది. ఎవరో నా లాప్‌టాప్ మీద క్రిప్టో కాయిన్లు తవ్వుకుంటున్నారు!

ఎలా జరిగిందో వెనక్కి వెళ్లి చూశాను. పది రోజుల క్రితం ఒకాయన రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) అచ్చుతప్పు సరిచేసి పంపాడు. మంచి సవరణే, థాంక్స్ చెప్పి కలిపేశాను. గిట్‌హబ్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, మొదటిసారి వచ్చినవాళ్ల కోడ్ నడపాలంటేనే మన అనుమతి కావాలి. ఒకసారి కలిపేశాక ఆ మనిషి తెలిసినవాడైపోతాడు. రెండోసారి పంపినదానిలో ఆయన వర్క్‌ఫ్లో ఫైలునే మార్చేశాడు. అది నన్ను ఏమీ అడక్కుండా నేరుగా మా హాల్లోకి వచ్చి నడిచింది. గిట్‌హబ్ వాళ్ల మెషిన్ అయితే పని కాగానే చెరిగిపోతుంది. నాది అలా కాదు కదా, లోపలికి వచ్చింది లోపలే ఉండిపోయింది. లాప్‌టాప్ మొత్తం తుడిచేసి, పాస్‌వర్డ్‌లూ టోకెన్లూ అన్నీ మార్చుకునేసరికి రెండు రోజులు పట్టింది. పబ్లిక్ రిపోకి సొంత రన్నర్ పెట్టొద్దని గిట్‌హబ్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. చదివితేగా!

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని, సెట్టింగ్స్‌లో యాక్షన్స్ పేజీకి వెళ్లి, బయటి కంట్రిబ్యూటర్లు అందరికీ ప్రతిసారీ అనుమతి కావాలి అనే ఆప్షన్ ఎంచుకోండి. ఈ అనుమతి పద్ధతి 2021లో వచ్చింది, అదీ ఇలా కాయిన్లు తవ్వుకునేవాళ్ల బాధ పడలేకే. కుబర్నెటీస్ అంత పెద్ద ప్రాజెక్టులో కూడా బయటివాళ్ల కోడ్‌ని బాట్ వెంటనే ముట్టుకోదు. సభ్యుల్లో ఒకరు 'ఓకే టు టెస్ట్' అని కామెంట్ పెడితేనే టెస్టులు మొదలవుతాయి.

ఆ అనుమతి బటన్ నొక్కేముందు ఏం చూడాలో కూడా చెబుతాను. మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవాడు. టిక్కీ (మిర్చి బస్తా) పైన కనబడే కాయ చూసి ఎవరూ ధర చెప్పరు, లోపలికి చెయ్యి పెట్టి తాలు కాయ ఎంత ఉందో చూస్తారు. పుల్ రిక్వెస్ట్ కూడా అంతే, పైన రాసిన శీర్షిక వదిలేసి మారిన ఫైళ్ల పట్టీ చూడండి. వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్, సెటప్ ఫైలు, పైటెస్ట్ వాడే కాన్ఫ్‌టెస్ట్ ఫైలు, ఈ మూడింటిలో ఏది మారినా ఆగి లైను లైనూ చదవండి. టెస్ట్ నడపడం అంటే అవతలివాడి కోడ్ నడపడమే. ఫోన్‌లో బస్సులో కూర్చుని మాత్రం ఆ బటన్ నొక్కొద్దు.

యామల్ ఫైలులో పర్మిషన్స్ అన్నచోట కంటెంట్స్ చదవడానికి మాత్రమే అని రాయండి. జాబ్‌కి టైమ్ అవుట్ పది నిమిషాలు పెట్టండి, ఏమీ పెట్టకపోతే ఇరుక్కుపోయిన టెస్ట్ ఆరు గంటల దాకా నడుస్తూనే ఉంటుంది. వేరేవాళ్లు రాసిపెట్టిన యాక్షన్ (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ స్టెప్) వాడితే వెర్షన్ పేరు రాసి వదిలేయకుండా, దాని కమిట్ హ్యాష్ (ఆ కోడ్‌కి ఉండే మారని గుర్తు) 40 అక్షరాలూ పూర్తిగా రాయండి. 2025 మార్చిలో, మారిన ఫైళ్లు ఏవో చెప్పే యాక్షన్ ఒకదానిలో ఎవరో చొరబడి, పాత వెర్షన్ ట్యాగులన్నిటినీ తమ కోడ్ వైపు తిప్పేశారు. 23 వేలకు పైగా రిపోలు దాన్ని వాడుతున్నాయి. చాలామంది సీక్రెట్స్ (పాస్‌వర్డ్‌లు, టోకెన్లు) లాగ్‌లో అచ్చయిపోయాయి. హ్యాష్ రాసుకున్నవాళ్ల మీద ఆ ట్యాగుల మార్పు ప్రభావం లేదు.

భద్రత గోల అయిపోయింది. ఇక నాకు ఇష్టమైన భాగం, మన తెలుగు టెస్టులు.

లినక్స్ ఒక్కదాని మీదే నడిపి సరిపెట్టుకోకండి, విండోస్ కూడా కలపండి. మా టెస్టులన్నీ లినక్స్‌లో పచ్చగా ఉండేవి. కాలేజీ ల్యాబుల్లో విండోస్ మీద వాడేవాళ్లు మాత్రం లైబ్రరీ అసలు తెరుచుకోవడం లేదని మొత్తుకునేవాళ్లు. విండోస్ మెషిన్ కలిపిన మొదటి రోజే బాట్ పట్టేసింది. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే విండోస్ దాన్ని సీపీ1252 అనే పాత ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. మన పొల్లు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, అందులో చివరిది 8డి. కొమ్ములో చివరిది 81. ఈ రెండు బైట్లకూ సీపీ1252లో అర్థం లేదు, అక్కడే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. 'పడవ' అన్న పదం ఒక్కటే ఫైలులో ఉంటే ఎర్రర్ రాదు, పిచ్చి అక్షరాలుగా లోపలికి వచ్చేస్తుంది. 'అమ్మ' ఉంటే ఆగిపోతుంది. కొమ్మూ పొల్లూ లేని తెలుగు ఫైలు ఎక్కడైనా ఉంటుందా చెప్పండి?

రెండోది ఇంకా విచిత్రం. ఒక అమ్మాయి వైద్య పదాల జాబితా పంపింది, నాలుగు వందల పదాలు, చక్కగా ఉన్నాయి. బాట్ ఎర్ర మార్కు పెట్టింది. లాగ్‌లో 'వైద్యం' సమానం కాదు 'వైద్యం' అని ఉంది! స్క్రీన్ మీద రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పొడవు కొలిస్తే ఒకటి 6, ఇంకొకటి 7. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం ఒకటి, కింద వచ్చే వంకర ఒకటి అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఆ అమ్మాయి వాడిన టూల్ ఏదో ముక్కలు చేసి ఇచ్చింది. ఆ తరవాత కలిపే ప్రతి పదమూ ఎన్ఎఫ్‌సీ రూపంలో (ఇలాంటి ముక్కలను ఒకే గుర్తుగా కలిపి రాసే పద్ధతి) ఉందో లేదో చూసే టెస్ట్ పెట్టాను. ఇది మీరు మొదటి రోజే పెట్టండి.

అయితే ఆ రోజు నేను లాగ్ చూసేలోపే ఆ అమ్మాయి పుల్ రిక్వెస్ట్ మూసేసుకుని వెళ్లిపోయింది. మొదటిసారి పంపిందట, ఎర్ర మార్కు చూసి ఏదో పెద్ద తప్పు చేశాననుకుంది. మెసేజ్ పెట్టి బతిమాలితే మళ్లీ తెరిచింది. తప్పు నాదే. 'వైద్యం' సమానం కాదు 'వైద్యం' అంటే కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఇప్పుడు మా టెస్ట్ ఫెయిలైతే ఇలా వస్తుంది: "212వ లైనులో 'వైద్యం' అన్న పదంలో ఐత్వం రెండు ముక్కలుగా ఉంది. మీ తప్పు కాదు, కొన్ని టూల్స్ ఇలా చేస్తాయి. టూల్స్ ఫోల్డర్‌లో ఉన్న సరిచేసే స్క్రిప్ట్ ఒకసారి నడిపి మళ్లీ పంపండి." యామల్ మీద పెట్టిన టైమ్ కంటే ఇలాంటి వాక్యాలు రాయడం మీద పెట్టిన టైమే నాకు ఎక్కువ కలిసొచ్చింది.

ఇంకోటి, పగలు పాసై రాత్రి ఫెయిలయ్యే టెస్ట్. ఈ రోజు ఏ వారమో తెలుగులో చెప్పే ఫంక్షన్ ఉంది మా దాంట్లో. గిట్‌హబ్ మెషిన్ గడియారం యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 దాకా మనకు బుధవారమైతే దానికి ఇంకా మంగళవారమే. మన పిల్లలు కోడ్ పంపేదే ఆ టైములో కదా! ఎంతమందిని అనవసరంగా అనుమానించానో. టెస్టులో 'ఇప్పుడు' అనేది ఎక్కడా వాడకండి, తేదీ మీరే ఇవ్వండి.

బాట్ అన్నాక పుల్ రిక్వెస్ట్ కింద కామెంట్ కూడా పెట్టాలి కదా అని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఫోర్క్ (బయటివాళ్లు చేసుకున్న మీ రిపో నకలు) నుంచి వచ్చినదానికి టోకెన్ చదవడానికే పనికొస్తుంది, రాయడానికి కుదరదు. కామెంట్ పెట్టబోతే 'రిసోర్స్ నాట్ యాక్సెసిబుల్ బై ఇంటిగ్రేషన్' అని ఎర్రర్ వస్తుంది. నెట్‌లో వెతికితే ఎవరో ఒకరు 'పుల్ రిక్వెస్ట్' తీసేసి 'పుల్ రిక్వెస్ట్ టార్గెట్' అని పెట్టు, పనిచేస్తుంది అంటారు. నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే రాసే హక్కు, సీక్రెట్స్ అన్నీ దానికి అందుతాయి. దాంతోపాటు అవతలివాడి కోడ్ కూడా దించి నడిపారంటే ఇంటి తాళాలు వాడి చేతిలో పెట్టినట్టే. కామెంట్ తప్పనిసరి అయితే రెండు వర్క్‌ఫ్లోలు రాయాలి. ఒకటి టెస్ట్ చేసి ఫలితాన్ని ఫైలుగా దాస్తుంది, రెండోది కోడ్ ముట్టుకోకుండా ఆ ఫైలు చదివి కామెంట్ పెడుతుంది. నన్నడిగితే నలుగురున్న ప్రాజెక్టుకి ఇది అనవసరం. జాబ్ సమ్మరీలో ఫలితాన్ని మార్క్‌డౌన్‌లో రాస్తే ఏ హక్కూ అక్కర్లేకుండా రన్ పేజీలో కనబడుతుంది, అది చాలు.

మెయిన్ బ్రాంచ్‌కి (మీ అసలు కోడ్ ఉండే శాఖ) ప్రొటెక్షన్ పెట్టి, ఈ టెస్ట్ పాసవ్వాల్సిందేనని టిక్ చేయండి. లేకపోతే ఎర్ర మార్కు ఉన్నా మీ నలుగురిలో ఎవరో ఒకరు కలిపేస్తారు. డాక్యుమెంట్లు మారినప్పుడు టెస్టులు ఎందుకులే అని వర్క్‌ఫ్లోలో పాత్ ఫిల్టర్ పెడితే మాత్రం ఆ చెక్ అసలు మొదలవ్వదు, పుల్ రిక్వెస్ట్ పెండింగ్ అని అలాగే వేలాడుతుంది. మీ టెస్టులు రెండు నిమిషాల్లో అయిపోతుంటే ఫిల్టర్ జోలికి పోవద్దు.

అంతా అయ్యాక మొదటి పుల్ రిక్వెస్ట్ మీరే, ఇంకో అకౌంట్ నుంచి, కావాలని తప్పు పెట్టి పంపండి. ఎర్ర మార్కు కళ్లారా చూశాకే మిగతావాళ్లకు చెప్పండి. ఒకసారి నేను ఏదో వెతుకుతూ టెస్ట్ స్టెప్‌కి 'ఫెయిలైనా ముందుకు సాగు' అనే ఆప్షన్ పెట్టి తీయడం మర్చిపోయాను. మూడు వారాలు అన్నీ పచ్చ టిక్కులే. పిల్లలు బాగా రాస్తున్నారే అని ముచ్చటపడ్డాను కూడా. ఆ మూడు వారాల్లో కలిపిన పదకొండింటిలో నాలుగు వెనక్కి తీయాల్సి వచ్చింది, అందులో ఒకటి నాదే.