కొట్టిన మనిషినే వెనకేసుకొస్తున్నా.. నాకేమైంది?

ప్రశ్న: నా వయసు 34. మా ఆయన తాగినప్పుడు చెయ్యి చేసుకుంటాడు. తెల్లారితే ఏడ్చి, బిడ్డ మీద ఒట్టు పెడతాడు. అమ్మవాళ్లు ఆయన్ని తిడితే నాకే కోపమొస్తుంది. ఏ రోజు ఏం జరిగిందో సరిగా గుర్తుండట్లేదు. ఆయన వచ్చే టైమైతే గుండెదడ. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్. నాకేమైనా మెంటల్ ప్రాబ్లమా?
- ఓ సోదరి, హనుమకొండ

జవాబు: రిపోర్టులు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన మీ దడ ఉత్తిది కాదమ్మా. దెబ్బ పడుతుందేమోనని ఒళ్లు ముందే సిద్ధమవుతోంది. అప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి దడ, చెమట రావడం మామూలే.

ఇక వెనకేసుకురావడం. బయటివాడు కొడితే తిరగబడతాం, లేదా పారిపోతాం. ఇల్లు ఎవరి మీద నడుస్తోందో, బిడ్డ ఎవరిని నాన్నా అంటోందో ఆ మనిషే కొడితే రెండూ కష్టమే. అందుకే బంధం తెగకుండా మనసు జరిగినదాన్నే మసక చేస్తుంది. అమెరికన్ సైకాలజిస్టు జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1990ల్లో చెప్పిందీ ఇదే. ఆధారపడిన మనిషే హాని చేస్తే, దాన్ని గుర్తించకపోవడమే అప్పటికి బతికే దారవుతుంది. చాలామంది ‘తప్పు నాదేనేమో’ అనుకునేదీ అందుకే. తప్పు మనదైతే మనం మారితే చాలన్న ఆశ మిగులుతుంది కదా! మర్నాటి ఏడుపూ, ఒట్టూ ఆ ఆశకు నీళ్లు పోసి పెంచుతాయి. ‘సర్దుకుపో బిడ్డా’ అనే పెద్దమనుషులు సరేసరి. మీరు పిచ్చివారూ కాదు, తెలివితక్కువవారూ కాదు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆయన లేకుండా వెళ్లండి, దెబ్బల సంగతి దాచొద్దు. డాక్టరు మందులు రాసిస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. నిద్రమాత్రలు సొంతంగా కొనొద్దు. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆయన తాగుడుకు వైద్యం వేరు, అది మీ బాధ్యత కాదు. కొట్టడం ఆగకముందే ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ అంటే నేను ఒప్పుకోను. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు తిన్నవాళ్లున్నారు.

జరిగినవి తేదీలతో రాసి అమ్మగారింట్లో పెట్టండి. మీ ఆయనతో కాపురముంటున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం మీకిచ్చింది, ‘ఇల్లు నాది, పో’ అంటే భయపడొద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం వివరాలు చెప్తారు.

ఎప్పుడైనా గొంతు నులిమితే మాత్రం పైకి గాయం కనపడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. లోపలి వాపు గంటల తర్వాత కూడా ఊపిరాడకుండా చేయొచ్చు. ఆ రాత్రి మళ్లీ ఆ ఇంటికి పోవద్దు.